ఎల్‌సీ బుక్కు

పదకొండున్నరకు
మల్లేపల్లి అవతల బత్తాయి తోట గట్టున
స్తంభం మీద ఉన్నడు మా జానయ్య.
గంతవరకు అందరు ఒప్పుకున్నరు.

లైన్ క్లియర్ అడిగినంకనే ఎక్కిండని
కింద తాడు పట్టుకున్న పిలగాడు శ్రీశైలం.
అడగనే లేదని సబ్‌స్టేషన్‌ల పుస్తకం.
పిలగాడు ఏడ్చుకుంట చెప్పిండు,
పుస్తకం ఏడ్వలే.
పుస్తకం మాటే నిలబడ్డది.

"డ్యూటీ మీదనే పోయిండమ్మా,
కని రూలు ప్రకారం పోలే"
నల్లగొండ ఆఫీసుల పెద్దసారు
నీళ్ల గ్లాసు నా దిక్కు జరుపుకుంట అన్నడు.
తాగిన. ఎండకాలం. దూపైతుండె.

ఇగ అప్పటిసంది కాయితాలు.
రేషన్ కార్డుల నేను అండాలు,
ఆధార్‌ల ఆండాళ్,
బ్యాంకుల అండమ్మ.
"వీళ్లల్ల ఆయన భార్య ఎవరు?" అన్నడు గుమస్త.
నవ్వొచ్చింది, ఆయన పోయినంక మొదటిసారి.
ముగ్గురం గాదు సారూ, ఒక్కదాన్నే
అనబోయి ఆ మాట కాడనే ఆగిపోయిన.
దేవరకొండ కోర్టు ముంగట
నేనే నేనని రాయించుకునేటందుకు
నాలుగొందలు.

వారసుల సర్టిఫికెట్‌ల మా అత్త పేరు ఆఖరుది.
ఏలిముద్ర ఏసినంక
సిరా కొంగుకు తుడ్సుకోలే ముసలామె.
బస్సుల ఇంటిదాక
ఆ ఏలు అట్లనే పైకి పట్టుకోనొచ్చింది.

బాకీ లేదని కాయితం గూడ కావాలన్నరు.
సామాన్ల లిస్టు చదివిన్రు.
కటింగ్ ప్లేయర్ ఒకటి. సగం కాలింది, ఇచ్చిన.
నడుం బెల్టు ఒకటి. పోలీసోళ్ల కాడుంది.
రబ్బరు గ్లవుజులు ఒక జత.

గ్లవుజులు ఆయన చేతులకు నేనెన్నడు సూడలే.
ఆ చేతులు నాకు తెల్వయా?
బొబ్బలకు కొబ్బరినూనె రాసింది నేను.
"తీసుకున్నట్టు సంతకముంది గదమ్మా."
సంతకం ఆయనదే.

మిర్యాలగూడకు బస్సెక్కి పోయి
పదకొండు వందల యాభై పెట్టి
కొత్త జత కొని
ఆయన తొడగని గ్లవుజులు
ఆయన పేరు మీద వాపసిచ్చిన.
రసీదు ఇచ్చిన్రు. దాసిపెట్టిన.

ఏడాదిన్నరకు
యూనియన్ సత్తెన్న ఫోన్ కంపెనీ నుంచి
ఒక కాయితం తెచ్చిండు:
పదకొండు ఇరవై రెండుకు
జానయ్య నంబరు నుంచి సబ్‌స్టేషన్‌కు కాల్,
నలభై ఒక్క సెకండ్లు.
ఏం మాట్లాడిండో అందుల లేదు.
మాట్లాడిండని ఉంది.

గంతే. పైసలు పడ్డయి.
ఎంతనో చెప్ప. చెప్తే అందరు అంకెనే చూస్తరు.
అత్త మోకాలికి కొంత, పిల్ల కాలేజీకి కొంత,
మిగిలినయి
బ్యాంకుల అండమ్మ కాడ ఉన్నయి.

నాకేమో కారుణ్యం కింద నౌకరి.
ఆర్డర్ కాయితంల ఆ మాట చదివి
ఎవరి మీద ఎవరికో
చానసేపు అర్థం గాలే.

ఏసింది ఆ సబ్‌స్టేషన్‌లనే.
మొదటి రోజు దుమ్ము దులుప బీరువ తెరిస్తే
నేను కొన్న జత,
కవరు గూడ చింపలే.
సాయంత్రం శ్రీశైలాన్ని పిలిచి చేతుల పెట్టిన.
తొడిగినంకనే సంతకం చెయ్యమన్న.

ఎల్‌సీ బుక్కు రాసుడు నా పని గాదు,
ఆపరేటర్‌ది.
కని ఫోన్ మోగితే బుక్కు తెచ్చి ఆయన ముంగటేసి
పెన్ను మూత తీసి నిలబడ్త.
పేరు, టైము రాసేదాక జరగ.
విసుక్కుంటడు.
విసుక్కోని.

నిన్న వాన. తోట దిక్కు ఫీడర్.
"అక్కా, నేను శ్రీశైలం, ఎల్‌సీ కావాలె."
బుక్కుల ఎక్కింది. లైన్ బంద్ చేసిన్రు.
ఎక్కు బిడ్డా, అన్న.
దిగినంక మళ్ల ఫోన్ చెయ్.
అప్పటిదాంక
నేను ఈడనే ఉంట.